గతం మరచిన నాయకుడు, ఇద్దరు నాయికలు: ప్రేమ–యాక్షన్ చిత్రానికి స్క్రిప్టు రాసుకునే పద్ధతి

గతం మరచిన కథానాయకుడి మీద సినిమా కథ రాయడానికి కూర్చున్నప్పుడు, కాగితం మీద ముందుగా దిద్దుకోవలసింది అతన్ని మరచిపోలేకుండా ఉన్న మనిషి పాత్రను. మరచినవాడికి తాను పోగొట్టుకున్నది ఏమిటో తెలియదు కనుక, అతని బాధ ఎంత పెద్దదైనా రూపం లేని వెలితిగానే ఉంటుంది. గుర్తున్న మనిషికి మాత్రం ఏ రోజు ఏమి పోయిందో లెక్కతో సహా తెలుస్తుంది. మనలో చాలామంది ఈ రకం కథలో కెమెరాను నాయకుడి ముఖం మీదే నిలిపి, రెండున్నర గంటలు నడిపి, చివరికి తల మీద ఇంకో దెబ్బ వేసి అన్నీ గుర్తుకు తెప్పిస్తాం. మొదటిసారి ఇలాంటి కథ రాసుకున్నప్పుడు నేనూ ఆ రెండో దెబ్బనే నమ్ముకున్నాను. చదివిన వైద్యమిత్రుడు, రెండో దెబ్బ వల్ల గాయం పెరుగుతుందే గాని మరపు తగ్గదని చెప్పాక, ఆ ప్రతిని పక్కన పెట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. అలా తిరగరాస్తున్నప్పుడు తెలిసివచ్చిన పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

కథ అనుకోగానే వైద్య పుస్తకాల దగ్గరికి వెళ్లకుండా, ముందు శకుంతల కథను రెండు రూపాలలోనూ చదవండి. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో దుష్యంతుడు దేనినీ మరచిపోడు. అన్నీ ఎరిగి ఉండి, లోకం ఏమంటుందోనన్న వెరపుతో నిండు సభలో ఆమెను ఎరుగనంటాడు. అప్పుడు శకుంతల, వెయ్యి అశ్వమేధాల ఫలాన్నీ ఒక్క సత్యాన్నీ త్రాసులో వేస్తే ముల్లు సత్యం వైపే మొగ్గుతుందని వాదిస్తుంది. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం, ఉంగరం, చేప వచ్చి చేరాయి; రాజు నిజంగానే మరచిపోయాడు కాబట్టి అతని మీద దోషం లేకుండా పోయింది. స్క్రిప్టు రాసేవారికి ఈ రెండింటి మధ్య తేడాయే అసలు పాఠం. మరపు నాయకుడిని నిర్దోషిగా నిలబెడుతుంది, కానీ నాయిక చేతిలోని వాదాన్ని కూడా లాక్కుంటుంది, ఎందుకంటే శాపగ్రస్తుణ్ణి ఎవరూ నిలదీయలేరు. కాళిదాసు నుంచి మరపునూ గుర్తునూ తీసుకుని, నన్నయ నుంచి శకుంతల గొంతును తీసుకోగలిగితే, ఇద్దరు నాయికలున్న కథకు కావలసిన బలం వస్తుంది.

ఆ తరువాత మరపు ఏ రకమో స్థిరపరచుకోవాలి. దెబ్బకు ముందు జరిగినవి పోవడం ఒక రకం, దెబ్బ తరువాత కొత్తవి నిలవకపోవడం ఇంకొక రకం. తలకు గట్టి గాయమైనప్పుడు కొంతకాలం రెండూ కలిసి ఉండవచ్చు. తెలివి వచ్చిన రోగి మంచం మీద లేచి కూర్చుని వెంటనే నేనెవరినని అడగడు. గాయం తీవ్రతను బట్టి రోజులో వారాలో అయోమయంగా ఉంటాడు, అడిగినదే మళ్ళీ అడుగుతాడు. పాతవాటి కంటే ఈమధ్యవి ముందుగా చెరిగిపోతాయని ఫ్రెంచి శాస్త్రవేత్త రీబో 1881లోనే రాశాడు. అందువల్ల తిరిగి రావడం మొదలైతే సాధారణంగా చిన్ననాటివి ముందు వస్తాయి, మరపు గీత క్రమంగా దెబ్బ తగిలిన రోజు వైపు జరుగుతుంది. ఆ దెబ్బకు సరిగ్గా ముందున్న క్షణాలు మాత్రం మెదడులో నాటుకోవడానికి వ్యవధి లేక పోయినవి కాబట్టి దాదాపు ఎప్పటికీ రావు. కేవలం తల గాయం వల్ల సొంత పేరు కూడా పూర్తిగా, ఏళ్ల తరబడి పోవడం చాలా అరుదు. అంతటి మరపు కావాలంటే గాయంతో పాటు మనసు తట్టుకోలేని ఘటన కూడా కథలో ఉండాలి, ఆ రెంటినీ కలిపి వైద్యుడి పాత్ర చేత రెండు వాక్యాలలో చెప్పించాలి. అంతకు మించి వైద్యం చెప్పించవద్దు.

ఇక్కడొక ఉదాహరణ కథను తీసుకుంటాను, లేకపోతే ఇదంతా గాలిలో మాటల్లాగే ఉంటుంది. నాయకుడు కాకినాడ రేవులో మరపడవ నడిపే సరంగు. సముద్రం మీద జరుగుతున్న ఒక దొంగ సరుకు బేరాన్ని చూశాడన్న అనుమానంతో మన ప్రతినాయకుడైన పడవ యజమాని మనుషులు అతని కళ్ల ముందే తమ్ముణ్ణి నీళ్లలోకి తోసేసి, అతన్ని తల మీద కొడతారు. ప్రాణం పోయిందనుకుని లారీలో వేసి దూరంగా పారేసిన ఆ మనిషి, చివరికి వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీగా తేలుతాడు. రేవులో చేపల వేలం పాడే మొదటి నాయిక అతని కోసం చూస్తూ ఉంటుంది. అడ్తి దుకాణంలో లెక్కలు రాసే రెండో నాయిక, పేరు లేని ఆ మనిషికి ఒక పేరు పెడుతుంది. సముద్రం లేని ఊళ్లో సముద్రపు మనిషిని పెట్టడం నేను కావాలని చేసిన పని: అతని మాటా, నడకా, చేతుల పనీ అన్నీ అక్కడ అతకనివిగా కనబడతాయి, దానితో ప్రేక్షకుడికి ప్రతి సన్నివేశంలోనూ ఒక ఆనవాలు దొరుకుతుంది.

చేతుల పని అన్నది మాట వరసకు అనడం లేదు. 1953లో అమెరికాలో మూర్ఛ వ్యాధికి శస్త్రచికిత్స చేయించుకుని, కొత్త జ్ఞాపకాలు నిలుపుకునే శక్తిని కోల్పోయిన హెన్రీ మొలైసన్ అనే రోగిని బ్రెండా మిల్నర్ పరీక్షించారు. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడాన్ని అతను రోజు రోజుకూ మెరుగ్గా చేశాడు, కానీ అంతకుముందు ఆ పని చేసినట్టు అతనికి గుర్తే లేదు. అంటే చేతి ఒడుపు ఒక చోట, జరిగిన సంగతి ఇంకొక చోట నిలుస్తాయి. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు క్లపారేద్ ఇంకా చిత్రమైనది రాశాడు: చేతిలో గుండుసూది దాచి ఒక రోగికి షేక్‌హ్యాండ్ ఇస్తే, తరువాత ఆమె ఆయన్ను గుర్తుపట్టకపోయినా చెయ్యి కలపడానికి మాత్రం ఒప్పుకోలేదు, కారణం చెప్పలేకపోయింది. మన కథకు ఈ రెండూ బంగారం వంటివి. నాయకుడు దబ్బనం పట్టి బస్తా మూతి కుట్టేటప్పుడు వల అల్లే ముడి వేస్తాడు. ప్రతినాయకుడు ఎదురైనప్పుడు, అతనెవరో తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. మొదటి నాయిక ఎదురైనప్పుడు ఏ అడుగూ వెనక్కి వేయడు. ఆమె గుర్తు రాదు, కానీ ఆమె పక్కన అతని ఊపిరి నెమ్మదిస్తుంది. ఈ చిన్న తేడాను నటుడు చేసి చూపగలిగితే పది ఫ్లాష్‌బ్యాక్‌లు ఆదా అవుతాయి.

ఆ ముడే మన ఉంగరం. వల ముడి బెస్తవాళ్లందరికీ తెలిసిందే కాబట్టి దానికి సొంత గుర్తు ఒకటి ఇవ్వాలి: నాయకుడిది ఎడమచేతి వాటం, అందువల్ల అతని ముడి తిరగబడి ఉంటుంది, చిరిగిన వల బాగుచేసేటప్పుడు దాన్ని విప్పలేక మొదటి నాయిక ప్రతిసారీ విసుక్కునేది. ఈ విసుగును మొదటి అరగంటలోనే, ముద్దుగా, ఎవరూ గమనించనంత తేలికగా చూపించాలి. మార్కెట్ నుంచి బయలుదేరిన మిర్చి బస్తా ఒకటి కాకినాడలో టోకు కిరాణా దుకాణానికి చేరి, ఆమె ఎండు చేపలకు కారం కొనడానికి వచ్చిన రోజున ఆ ముడి ఆమె కంట పడుతుంది. కాళిదాసు కథలో చేప ఉంగరాన్ని మరచినవాడి దగ్గరికి తెచ్చింది. ఇక్కడ బస్తా ముడిని మరవని మనిషి దగ్గరికి తెస్తుంది. గుర్తు ఆమె చేతికి చేరింది కనుక కథను నడిపించేది ఇకనుంచి ఆమే.

కాలం విషయంలో అశ్రద్ధ వద్దు. వరంగల్‌కు మిర్చి రాక సంక్రాంతి దాటాక పుంజుకుని ఎండాకాలం మొదటి దాకా సాగుతుంది. తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. ఈ రెండు కేలెండర్లు కథకు అచ్చంగా అతుకుతాయి: బస్తా ఏప్రిల్‌లో కాకినాడ చేరుతుంది, నిషేధం రాగానే వేలం ఆగిపోయి ఆమెకు తీరిక దొరుకుతుంది, తీరికతో పాటు పస్తులూ వస్తాయి. చేతిలో డబ్బు లేకుండా, 61 రోజుల గడువుతో, ఆమె వరంగల్ రైలెక్కుతుంది. రెండో సగానికి వేరే గడియారం అవసరం లేదు.

ఈ కాలపు ప్రేక్షకుడు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: వేలిముద్రలు ఉండగా మనిషి ఆచూకీ తెలియకపోవడమేమిటి? ఆధార్ సంఖ్యల జారీ 2010 సెప్టెంబరులో మొదలైంది కాబట్టి, కథను అంతకుముందు కాలానికి జరపవచ్చు, లేదా ఆధార్‌నే కథలోకి తేవచ్చు. నేను రెండోదే మంచిదంటాను. తప్పిపోయిన మనిషికి కొత్తగా ఆధార్ నమోదు చేయబోతే, ఆ వేలిముద్రలతో ఇదివరకే ఒక సంఖ్య ఉందని దరఖాస్తు తిరస్కరణకు గురై, దాని ద్వారా కుటుంబం దొరికిన సందర్భాలు మన దేశంలో నిజంగానే ఉన్నాయి. రెండో నాయికతో పెళ్లి నిశ్చయమై, బ్యాంకు ఖాతా కోసం నమోదు కేంద్రానికి వెళ్లిన నాయకుడికి ఆ తిరస్కరణ కాగితం అందిన క్షణం ఇంటర్వెల్‌కు సరిపోతుంది. అక్కడ బాంబు పేలనవసరం లేదు. పక్కన కూర్చున్న అమ్మాయి ఆ కాగితాన్ని ముందుగా చదివి, చదివినది వెంటనే చెప్పకపోవడమే ఆ ఘట్టానికి ఊపు.

అక్కడినుంచే పంచుకున్న ప్రేమ మొదలవుతుంది, స్క్రిప్టులు ఎక్కువగా చెడిపోయేదీ అక్కడే. ఇద్దరిలో ఒకరిని అసూయాపరురాలిగా మార్చడం, లేదా ప్రీ-క్లైమాక్స్‌లో ఆమెను తుపాకీ గుండుకు అడ్డంగా నిలబెట్టి చంపేయడం రచయిత తన పని తప్పించుకోవడమే. రెండో నాయిక ప్రేమ మొదటిదాని కంటే తక్కువది కాదు. ఊరూ పేరూ తెలియని మనిషిని నమ్మి అన్నం పెట్టింది, పేరు పెట్టింది. అతను ఇప్పుడు పలికేది ఆమె పెట్టిన పేరుకే. మొదటి నాయిక మార్కెట్ యార్డు గేటు దగ్గర నిలబడి అసలు పేరు పెట్టి గొంతు చించుకుని పిలిచినా అతను తిరిగి చూడడు, ఆ కేకకు తిరిగి చూసేది రెండో నాయిక. ఈ సన్నివేశాన్ని ఎంత నిడివి పట్టినా తొందరపడకుండా రాయండి. తరువాత ఇద్దరు స్త్రీలూ ఒకే గదిలో, అతను లేనప్పుడు, అతని గురించి మాట్లాడుకునే సన్నివేశం ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అతనికి ఏ కూర ఇష్టం, నిద్రలో ఎటు తిరిగి పడుకుంటాడు వంటివి ఇద్దరికీ వేర్వేరుగా తెలిసి ఉంటాయి, కొన్ని ఒకేలా తెలిసి ఉంటాయి. ఒకేలా తెలిసినవి బయటపడినప్పుడు ఇద్దరూ మౌనంగా ఉండిపోతారు. ఆ మౌనానికి నేపథ్య సంగీతం పెట్టవద్దని స్క్రిప్టులోనే రాసి పెట్టండి.

మాటల సంగతి. గతం పోయినా భాష పోదు, యాసా పోదు. ఎనుమాములలో నోరు విప్పిన మొదటి రోజే అతను గోదావరి వైపు మనిషని హమాలీలందరికీ తెలిసిపోతుంది. ఆ సంగతిని దాచితే ప్రేక్షకుడు నమ్మడు. అందుకే అతను మొదటి కొన్ని నెలలు దాదాపు మాట్లాడకుండా ఉండడానికి కారణం చూపాలి, ఆ తరువాత వచ్చే మాటల్లో ‘ఆయ్’, ‘అండి’ దొర్లాలి. ‘మీ దిక్కు ఏడ?’ అని వాళ్లు అడిగితే జవాబు తెలియక తల దించుకోవాలి. మొదటి నాయిక ‘మావా’ అంటుంది, రెండో ఆమె ‘ఇగో, ఇనబడ్తలేదా’ అంటుంది. ఒకరి మాటలు ఇంకొకరి నోట్లో పెడితే ఎంత మంచి డైలాగైనా అబద్ధమవుతుంది. ఒక ప్రాంతం వాడైన రచయిత రెండో ప్రాంతపు సంభాషణలను అక్కడివాళ్లకు చదివి వినిపించి సరిచేయించుకోవాలి.

యాక్షన్ ఘట్టాలను ఫైట్ మాస్టర్‌కు వదిలేసి ‘ఇక్కడ ఫైట్’ అని ఒక్క ముక్క రాస్తే, ఈ కథకు వెన్నెముకే ఉండదు. నాయకుడు శిక్షణ పొందిన యోధుడు కాడు. ఊగే పడవ మీద నిలబడి బతికినవాడు. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము దించి, తాడు చేతికి చుట్టుకుని పోరాడతాడు. మొదటి పోరాటం పడవ మీద, రెండోది మార్కెట్లో బస్తాల గుట్టల మధ్య జరిగితే, రెండు చోట్లా అదే నిలబడే తీరు, అదే తాడు పట్టు కనబడాలి. పోరాటం ముగిశాక తన చేతులను తానే వింతగా చూసుకోవాలి. మిర్చి ఘాటు అక్కడి హమాలీలకు నిత్యం ఉన్నదే, కొత్తగా వచ్చిన రౌడీలకు మాత్రం ఊపిరాడదు. స్థలాన్ని ఇలా వాడుకుంటే పోరాటం ఆ ఊరిదవుతుంది. ఎక్కువ పోరాటాలు అక్కర్లేదు, నాలుగు చాలు, ప్రతి దానిలోనూ అతని గురించి ఒక కొత్త సంగతి బయటపడాలి.

ప్రతినాయకుడికి ఇవ్వవలసిన ఆయుధం భయం. తన నేరాన్ని చూసినవాడు బతికే ఉన్నాడని తెలియగానే, ఆ జ్ఞాపకం ఎప్పుడు తిరిగి వస్తుందోనని అతను నిద్ర పోడు. పైన చెప్పిన వైద్య సత్యం ఇక్కడ అక్కరకు వస్తుంది. దెబ్బకు ముందున్న క్షణాలు ఇక రావని వైద్యుడు మొదటి నాయికకు చెప్పిన సంగతి మనకు తెలుసు, ప్రతినాయకుడికి తెలియదు. లేని జ్ఞాపకం కోసం అతను నాయకుడిని పట్టుకుని హింసిస్తాడు, నాయకుడు నిజమే చెబుతాడు, ఆ నిజాన్ని నమ్మలేక ప్రతినాయకుడు తన నోటితోనే ఆ రాత్రి జరిగినదంతా బయటపెడతాడు. తమ్ముడి చావు గురించి నాయకుడు తెలుసుకునేది శత్రువు నోటి నుంచే. గుర్తు రాకుండానే తెలియడం అంటే ఇదే. కన్నీళ్లు రావాలో వద్దో తెలియని ఆ ముఖం మీదనే చివరి పోరాటం మొదలు కావాలి.

పాటల దగ్గర మితం పాటించండి. వలలు లాగేటప్పుడు పాడే ‘హైలెస్సా’ వరసను మొదటి పాటలో పడవ మీద వినిపించి, తరువాత బస్తాలు ఎత్తేటప్పుడు అతను తెలియకుండా కూనిరాగంగా తీసేలా చేయవచ్చు. రెండో నాయికతో ఉన్న పాట ఆ వరసకు పూర్తిగా వేరుగా, ఆ ఊరి బాణీలో ఉండాలి. ఇద్దరితోనూ విదేశాలలో చెరొక యుగళగీతం పెడితే ఇంతసేపు కట్టిన నమ్మకం కరిగిపోతుంది.

మొదటి నాయిక మెడలో తాళి ఉందా లేదా అన్నది తేల్చకుండా సీన్ ఆర్డర్ వేయవద్దు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం భార్య బతికి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. తెలిసి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద నేరం కూడా అవుతుంది. జీవిత భాగస్వామి ఏడేళ్లపాటు ఎడతెగకుండా ఆచూకీ లేకుండా పోతే, ఆ సంగతి దాచకుండా మళ్ళీ పెళ్లి చేసుకున్నవారికి ఆ సెక్షను నుంచి మినహాయింపు ఉంది. దీన్ని నాయిక వైపు నుంచి వాడుకోండి. ఏడేళ్లు నిండాక ఆమె వేరే పెళ్లి చేసుకోవచ్చని ఊరంతా చెప్పినా ఆమె చేసుకోలేదంటే, ఆ ఎదురుచూపు ఆమె ఎంచుకున్నది. నా ఉదాహరణలో వాళ్లిద్దరికీ పెళ్లైంది, అతను పోయి ఎనిమిదేళ్లైంది. అందువల్ల రెండో నాయికతో పెళ్లి చెల్లదని చట్టం చెప్పేస్తుంది, కానీ మనసులో తీర్పు అలాగే మిగిలి ఉంటుంది.

ఆ తీర్పును నాయకుడి చేత చెప్పించవద్దు. ఎవరితో గడిపిన ఏళ్లు గుర్తు లేవో వారి గురించి తీర్పు చెప్పే అర్హత అతనికి లేదు. గతం మొత్తం తిరిగి రావడం కూడా అక్కర్లేదు. చిన్ననాటి రేవు, అమ్మ గొంతు వస్తే చాలు, భార్య ముఖం రాకుండానే కథ ముగియవచ్చు. నన్నయ శకుంతలలాగే ఇక్కడ నోరు విప్పవలసింది మొదటి నాయిక. తనకు గుర్తున్న మనిషి, ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అన్నది ఆమె తేల్చుకోవాలి, రెండో నాయికకు తాను ఏమి బాకీ పడ్డదో కూడా ఆమే చెప్పాలి. ఆమె వాదాన్ని ఒకటిన్నర పేజీ రాయడానికి వెనుకాడవద్దు. నిడివి ఎక్కువైందని కథా చర్చల సిట్టింగ్‌లో ఎవరైనా అంటే, పోరాటంలో ఒక నిమిషం తగ్గించమనండి.

ముగింపును జూన్ 14 రాత్రికి పెట్టుకోండి. నిషేధం ముగుస్తున్న రేవులో పడవలకు ఐసు ఎక్కిస్తుంటారు, డీజిలు పోస్తుంటారు, రెండో నాయిక గట్టు మీద తన సంచితో నిలబడి ఉంటుంది. మొదటి నాయిక చిరిగిన వల తెచ్చి అతని ఒళ్లో వేస్తుంది. అతని చేతులు తిరగబడిన ముడి వేస్తాయి. ఎనిమిదేళ్ల కిందట ఆ ముడిని విప్పలేక విసుక్కున్న ఆమె, ఈసారి విప్పుతుందో అలాగే ఉంచుతుందో మీరు మొదటి పేజీ రాయకముందే నిర్ణయించుకుని, ఆ ఒక్క సన్నివేశాన్ని సంభాషణలతో సహా పూర్తిగా రాసి గోడకు అంటించండి. మిగతా స్క్రిప్టు దాని వైపుగా రాయాలి.